సెట్ వెనక, మైక్ ముందు: బండిలో రేడియో మైక్‌కు ఏ వైరింగ్ మంచిది?

అవతలివాళ్లతో మాట్లాడే రేడియో సెట్టేమో సీటు కిందో డిక్కీలోనో ఉంటుంది, మాట్లాడే మనిషేమో స్టీరింగ్ దగ్గర. సెట్‌తో పాటు వచ్చిన మైక్ స్ప్రింగ్ వైరు మామూలుగా ఓ మీటరు వరకు హాయిగా వస్తుంది. ఆపైన లాగితే చేతిలో మైక్ వెనక్కి గుంజుతూనే ఉంటుంది. అంబులెన్స్ వెనక గదిలో ఉన్నవాళ్లకు, ఫైరింజన్ పక్కన పంపు దగ్గర నిలబడ్డవాళ్లకు, రెండు చేతులతో లివర్లు పట్టుకుని పెద్ద యంత్రం నడిపేవాళ్లకు ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. మైక్ సెట్ దగ్గర కాదు, నోటి దగ్గర ఉండాలి.

దీనికి ఐదు దారులున్నాయి. ఉన్న మైక్‌కే పొడుగు వైరు వేయడం ఒకటి. ముందు ప్యానెల్ ఊడదీసి దూరంగా బిగించుకునే సెట్ తీసుకోవడం ఇంకోటి. సెట్ వెనక ఉండే కనెక్టర్ నుంచి రెండో మైక్ లాగడం, సన్‌వైజర్ మీద చిన్న మైక్ పెట్టి, మాట్లాడేటప్పుడు నొక్కే బటన్ విడిగా పెట్టుకోవడం, చివరగా బ్లూటూత్. ఐదూ పనిచేస్తాయి. అయితే అందరికీ అన్నీ సరిపోవు. నేను చూసిన చెడ్డ వైరింగుల్లో చాలావరకు పని రాక చెడ్డవి కావు, ఎంపికలోనే పొరపాటు జరిగినవి.

ఏ దారైనా ముందు ఒక లెక్క మనసులో పెట్టుకోండి. మామూలు డైనమిక్ మైక్ నుంచి వచ్చే మాట కొన్ని మిల్లీవోల్టులే, 5 అనుకుందాం. మీ సెట్ 50 వాట్లతో ప్రసారం చేస్తుంటే, 50 ఓమ్‌ల యాంటెన్నా కేబుల్ మీద ఉండే వోల్టేజీ సరిగ్గా 50 వోల్టులు. అంటే మైక్ వైరు, దానికంటే పదివేల రెట్లు పెద్ద సిగ్నల్ పక్కనే కాపురం చేస్తోంది. దానికి తోడు సెట్‌కు కరెంటు తెచ్చే వైరులో ప్రసారం చేసేటప్పుడు 10 ఆంపియర్లు, ఇంకాస్త పైన, పరుగెడతాయి. బండి మొత్తంలో ఇంత బక్క సిగ్నల్ మోసే వైరు ఇంకోటి దొరకడం కష్టం. అది ఎంత తక్కువ దూరం, ఎన్ని తక్కువ అతుకులతో నడిస్తే అంత మంచిది. నా ఎంపికలన్నీ ఈ ఒక్క లెక్క మీదే నడుస్తాయి.

మీ మైక్ ఏ జాతిది?

వైరు కొనడానికి ముందు ఇది తేల్చుకోవాలి. చేతి మైక్‌లు ప్రధానంగా రెండు రకాలు. డైనమిక్ మైక్‌లో అయస్కాంతం, కాయిల్ ఉంటాయి, బయటి కరెంటు అక్కర్లేదు. దాని ఇంపెడెన్స్ 150 నుంచి 600 ఓమ్‌ల మధ్య ఉంటుంది. ఎలక్ట్రెట్ మైక్‌కు మాత్రం కొన్ని వోల్టుల డీసీ అందాలి. కొన్ని సెట్లు ఆ డీసీని విడి పిన్ మీద ఇస్తాయి, కొన్ని మాట నడిచే వైరు మీదే కలిపి పంపిస్తాయి. రెండో రకం సెట్‌కు డైనమిక్ మైక్ నేరుగా తగిలిస్తే ఆ డీసీ కాయిల్‌లోంచి పోతుంది, మధ్యలో డీసీని ఆపే కెపాసిటర్ ఒకటి పెట్టక తప్పదు.

ఇక లెవెల్ సంగతి. మోటరోలా జీఎం300 లాంటి వాణిజ్య సెట్లు మైక్‌లోనే చిన్న యాంప్లిఫయర్ ఉంటుందని లెక్కేసి తయారైనవి. 60 శాతం మాడ్యులేషన్‌కు (గాల్లోకి పోయే సిగ్నల్‌లోకి మాట ఎక్కే మోతాదు) అవి సుమారు 80 మిల్లీవోల్టులు అడుగుతాయి. అభిరుచి కోసం వాడే అమెచ్యూర్ సెట్‌లోంచి తీసిన డైనమిక్ మైక్ వాటికి తగిలిస్తే అవతలివాళ్లకు గొణుగుడు వినిపిస్తుంది, అంతే. అప్పుడు చాలామంది వైరు పొడుగైందని వైరును తిడతారు. పాపం, వైరు తప్పేం లేదు.

దానికీ లెక్క చూపిస్తాను. షీల్డ్ (చుట్టూ లోహపు తొడుగు) ఉన్న వైరుకు మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది, 5 మీటర్లకు 500. 600 ఓమ్‌ల మైక్‌తో కలిసి అది పై స్వరాలకు కోత మొదలుపెట్టేది 500 కిలోహెర్ట్జ్ పైన. మన మాట రేడియోలో నడిచేది 300 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య. అంటే ఆ వైరు మాటను ముట్టుకోను కూడా ముట్టుకోదు. అదే 50 వేల ఓమ్‌ల పాత హై-ఇంపెడెన్స్ మైక్ అయితే, 10 మీటర్ల వైరుతో 3.2 కిలోహెర్ట్జ్ దగ్గరే కోత మొదలవుతుంది, గొంతు మూటగట్టినట్టు వినిపిస్తుంది. పాత మైక్ మీద మమకారం ఉన్నవాళ్లు వైరు పొడుగు పెంచకపోవడమే మంచిది.

పొడుగు వైరు

ఎక్కువమందికి ఇదే చాలు. ఒక డ్రైవరు, ఒక సెట్, 5 మీటర్ల లోపు దూరం ఉంటే ఇంకో ఆలోచన అక్కర్లేదు. సెట్ తయారీదారు అమ్మే ఎక్స్‌టెన్షన్ కేబుల్ దొరికితే అదే తీసుకోండి. దొరకనప్పుడే అసలు కథ.

ఇప్పటి సెట్లలో చాలావాటికి మైక్ సాకెట్ ఆర్‌జే-45 ఆకారంలో ఉంటుంది, కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్‌కు ఉండేదే. చూడగానే అందరికీ వచ్చే ఆలోచన: నెట్‌వర్క్ కేబుల్ ఒకటి, జాయింటర్ ఒకటి పెడితే సరి. నిజమే, పనిచేస్తుంది. కానీ మూడు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది జాయింటర్. కొన్ని జాయింటర్లు 1వ పిన్‌ను 1కి, 8ని 8కి కలుపుతాయి. ఫోన్ వైర్ల కోసం చేసిన కొన్ని తిరగేసి కలుపుతాయి, 1 పోయి 8లో పడుతుంది. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకసారి తొందరలో చూసుకోకుండా తిరగేసేదాన్ని పెట్టాను. మైక్ లైటు వెలగలేదు, బటన్ నొక్కితే చలనం లేదు. అరగంట సేపు సెట్‌నే అనుమానించాను, చివరికి మీటర్ పెడితే బయటపడింది. సెట్‌కు ఏమీ కాలేదంటే అది నా అదృష్టం. ఎందుకంటే ఆ పిన్లలో ఒకదాని మీద సెట్ ఇచ్చే 5 లేదా 8 వోల్టులు ఉంటాయి, అవి ఏ గ్రౌండ్‌లోనో (కరెంటు వెనక్కి వచ్చే వైరులో) పడితే లోపలి సన్న ట్రాకో రెగ్యులేటరో కాలిపోవచ్చు.

రెండోది, పిన్‌ల జతలు. నెట్‌వర్క్ కేబుల్‌లో వైర్లు జతలుగా మెలితిరిగి ఉంటాయి: 1-2, 3-6, 4-5, 7-8. ఇప్పుడు మీ సెట్‌లో మైక్ ఆడియో 6లో, దాని గ్రౌండ్ 5లో ఉందనుకోండి. రెడీమేడ్ కేబుల్‌లో ఆడియో వైరు 3తో మెలిపడుతుంది, గ్రౌండేమో 4తో. మెలికలు వేసిందే ఆడియో, దాని గ్రౌండ్ ఒకే జతలో ఉండి బయటి గోలను ఒకేలా పట్టాలని. ఆ లాభమంతా ఇక్కడ పోతుంది. నేనైతే కొలిచి కోసి, ఆడియోకూ దాని గ్రౌండ్‌కూ ఒకే జత వచ్చేలా రెండు చివరలా అదే వరసలో ప్లగ్‌లు క్రింప్ చేసుకుంటాను. ఓపిక లేకపోతే షీల్డ్ ఉన్న రెడీమేడ్ కేబుల్ తీసుకోండి, చాలావరకు గట్టెక్కుతుంది.

మూడోది ఎవరూ పట్టించుకోనిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. కీప్యాడ్ ఉన్న మైక్‌కు లోపల లైట్లుంటాయి, వాటికి కరెంటు కావాలి. 20 మిల్లీఆంపియర్లు అనుకుందాం. నెట్‌వర్క్ కేబుల్‌లో వాడే 24 గేజ్ వైరు నిరోధం మీటరుకు సుమారు 0.084 ఓమ్, 5 మీటర్లకు 0.42. ఆ కరెంటు ఈ నిరోధంలోంచి వెనక్కి వస్తే 8 మిల్లీవోల్టుల పైన పడుతుంది. మీ మాట 5 మిల్లీవోల్టులని ఇందాకే అనుకున్నాం! స్థిరమైన డీసీ అయితే ఇబ్బంది లేదు, కానీ ఆ కరెంటు ఏ కాస్త వణికినా ఆ వణుకు నేరుగా మీ మాటలో కలిసిపోతుంది. మందు ఒకటే: మైక్ ఆడియో గ్రౌండ్, కరెంటు గ్రౌండ్ రెండూ విడివిడి వైర్లలో సెట్ దాకా రావాలి. వైర్లు మిగుల్చుకుందామని మధ్యలో రెండిటినీ కలిపేవాళ్లుంటారు. అలా మిగిల్చింది ఒక వైరు, తెచ్చుకుంది అల్టర్నేటర్ కూత.

ఇంకో చిన్న మాట. కొన్ని యాయెసు సెట్లకు మైక్ ప్లగ్ 6 పిన్లది. అది 8 పిన్ల సాకెట్‌లోకి దూరుతుంది కూడా. దూరుతుంది కదా అని దూర్చకండి, అంచున ఉన్న 1, 8 కాంటాక్టులు అణిగి వంగిపోతాయి.

గుండ్రటి 8 పిన్ల పాత ప్లగ్‌లది ఇంకో గొడవ. ఐకామ్, కెన్‌వుడ్ రెండూ ఒకే ఆకారం ప్లగ్ వాడాయి, లోపల వరస మాత్రం వేరు. ఐకామ్‌లో 2వ పిన్ మీద 8 వోల్టులు వస్తాయి, నొక్కే బటన్ 5వ పిన్‌లో ఉంటుంది. కెన్‌వుడ్‌లో బటన్ 2వ పిన్, 8 వోల్టులు 5వ పిన్. సరిగ్గా తారుమారు. ఒకరి మైక్ ఇంకొకరి సెట్‌కు పెట్టి బటన్ నొక్కితే 8 వోల్టుల లైన్ గ్రౌండ్ పాలయ్యే ప్రమాదం ఉంది. ప్లగ్ పట్టింది కాబట్టి మైక్ పనికొస్తుందని అనుకోవద్దు.

ముందు ప్యానెల్ విడదీసే సెట్

ఇంకా సెట్ కొనకపోతే, బండిలో ముందు భాగంలో చోటు లేకపోతే, నా ఓటు దీనికే. చిన్న ప్యానెల్ డాష్‌బోర్డ్ మీద, పెద్ద డబ్బా డిక్కీలో. మధ్యలో నడిచేది తయారీదారు ఇచ్చిన కేబుల్.

కానీ కొనే ముందు ఒక ప్రశ్న అడగాల్సిందే: మైక్ ఎక్కడ గుచ్చాలి, ప్యానెల్‌కా డబ్బాకా? కొన్నిటిలో సాకెట్ ప్యానెల్ మీదే ఉంటుంది, అప్పుడు మైక్ సమస్యే లేదు. కెన్‌వుడ్ టీఎం-వీ71ఏ, యాయెసు ఎఫ్‌టీ-857డీ లాంటివాటిలో ప్యానెల్ విడిపోయినా మైక్ సాకెట్ డబ్బా మీదే ఉండిపోతుంది. అందుకే వాటి సెపరేషన్ కిట్‌లలో ప్యానెల్ కేబుల్‌తో పాటు మైక్ ఎక్స్‌టెన్షన్ కూడా ఇస్తారు. ఈ సంగతి తెలియక సెట్ కొని, డబ్బా డిక్కీలో బిగించేసి, తీరా మైక్ చేతికి అందక తలపట్టుకున్నవాళ్లు ఉన్నారు. స్పీకరు కూడా డబ్బాలోనే ఉంటుంది, డిక్కీలోంచి మాట ముందుకు వినిపించదు. కాబట్టి ముందు సీటు దగ్గరకు విడి స్పీకరుకు ఇంకో వైరు లాగాలి. మూడు వైర్లు ఒకేసారి లాగితే పని ఒకసారితో అయిపోతుంది.

రెండో మైక్

డ్రైవరుకు ఒకటి, వెనక ఉన్నవాళ్లకు ఒకటి. ఇది ఎక్కువ పాడయ్యే పని కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

సులువుగా కనిపించే దారి, ముందు సాకెట్ దగ్గరే రెండు మైక్‌లనూ సమాంతరంగా కలిపేయడం. బటన్ల వరకు ఇబ్బంది లేదు, దాదాపు అన్ని సెట్లలోనూ బటన్ చేసే పని ఒక లైన్‌ను గ్రౌండ్‌కు కలపడమే, ఎవరు నొక్కినా ఒకటే. చిక్కంతా ఆడియోతో. రెండు ఒకే రకం డైనమిక్ మైక్‌లు ఎప్పుడూ కలిసే ఉంటే ఒకదాని సిగ్నల్‌ను రెండోది సగానికి గుంజేస్తుంది, 6 డెసిబెల్స్ పోతాయి. పైగా ముందున్నాయన మాట్లాడుతుంటే వెనక మైక్ కూడా చెవులు రిక్కించుకునే ఉంటుంది. వెనక గదిలో సైరన్ మోత, ఫ్యాన్ గోల అన్నీ గాల్లోకి పోతాయి.

అయితే చాలా చేతి మైక్‌లలో బటన్ రెండు పనులు చేస్తుంది: గ్రౌండ్ కలపడంతో పాటు ఆడియోను కూడా అప్పుడే కలుపుతుంది. అలాంటివి రెండు కలిపినా ఫరవాలేదు. మీవి ఏ రకమో తెలుసుకోవడం నిమిషం పని. మైక్ ప్లగ్ పీకి, ఆడియో పిన్‌కూ దాని గ్రౌండ్‌కూ మధ్య మీటర్‌తో ఓమ్‌లు కొలవండి. బటన్ వదిలినప్పుడు ఏమీ చూపించకుండా, నొక్కితే కొన్ని వందల ఓమ్‌లు చూపిస్తే ఆడియో బటన్‌తోనే కలుస్తోందని అర్థం. నొక్కకపోయినా చూపిస్తుంటే ఆ మైక్ ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. ఎలక్ట్రెట్ మైక్‌ల మీద ఈ కొలత నమ్మకంగా ఉండదు, అక్కడ సర్క్యూట్ చూసుకోవాలి.

సీబీ (సిటిజన్స్ బ్యాండ్, సామాన్య జనం వాడే 27 మెగాహెర్ట్జ్ రేడియో) సెట్లకు ఇంకో తిరకాసు. కోబ్రా వరస 4 పిన్ల ప్లగ్‌లో 1 గ్రౌండ్, 2 ఆడియో, 3 ప్రసారం, 4 రిసీవ్. అంటే వినడం కూడా మైక్ బటన్ ద్వారానే స్విచ్ అవుతుంది. రెండు మైక్‌లు సమాంతరంగా పెడితే ఒకరు బటన్ నొక్కినా రెండో మైక్ రిసీవ్ లైన్‌ను పట్టుకునే ఉంటుంది, సెట్ ఒకేసారి ప్రసారం చేయాలా వినాలా అని తికమక పడుతుంది. వీటికి రెండు స్థానాల సెలెక్టర్ స్విచ్ పెట్టి అన్ని లైన్లనూ ఒకేసారి మార్చడం తప్ప వేరే దారి లేదు.

వాణిజ్య సెట్ ఉన్నవాళ్లు మాత్రం వెనకవైపు చూడాలి. అక్కడ అనుబంధ పరికరాల కోసం పెట్టిన కనెక్టర్ ఉంటుంది. జీఎం300లో అది 16 పిన్లది: 2వ పిన్‌కు బయటి మైక్ ఆడియో, 3కి బటన్, 7 గ్రౌండ్. 5వ పిన్ కూడా ప్రసారానికే, కానీ అది డేటా కోసం పెట్టింది. మాటకు ఎఫ్ఎం సెట్ మామూలుగా చేసే ప్రీ-ఎంఫసిస్ (పై స్వరాలను కాస్త పెంచడం) దానికి ఉండదు. మైక్ అక్కడ కలిపితే గొంతు బొంగురుగా, మందంగా పోతుంది. అలాగే 15, 16 పిన్ల మధ్య ఒక చిన్న జంపర్ ఉంటుంది, లోపలి స్పీకరు పనిచేసేది దానివల్లే. కనెక్టర్ పీకి కొత్తది పెట్టేటప్పుడు జంపర్ మర్చిపోతే సెట్ మూగబోతుంది, మీరేమో మైక్ వైరింగ్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు.

నా సలహా: రెండో మైక్ నిజంగా కావాలంటే, వెనక కనెక్టర్ ఉన్న సెట్‌నే ఎంచుకోండి. ముందు సాకెట్‌ను చీల్చడం ఆఖరి దారి.

ఇక్కడే క్లిప్ మాట కూడా. మోటరోలా మైక్ వెనక లోహపు గుండీ ఉంటుంది, తగిలించే క్లిప్ బండి గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది. మైక్ క్లిప్ మీద ఉన్నంతసేపు, మైక్ వేళ్లాడుతోందని సెట్‌కు తెలుస్తుంది. తీయగానే సెట్ టోన్ స్క్వెల్చ్ (మన గుంపు మాటలే వినిపించే జల్లెడ) వదిలి, ఛానల్‌లో ఉన్న అందరి మాటలూ వినిపిస్తుంది. మాట్లాడే ముందు ఛానల్ ఖాళీగా ఉందో లేదో వినమని ఈ ఏర్పాటు. రెండో చోట ప్లాస్టిక్ ప్యానెల్ మీద క్లిప్ బిగిస్తే గ్రౌండ్ అందదు, సెట్ ఎప్పుడూ మైక్ తీసినట్టే అనుకుని పరాయి సంభాషణలు వినిపిస్తూ ఉంటుంది. క్లిప్ స్క్రూకు చిన్న గ్రౌండ్ వైరు కలిపితే తీరిపోయే దానికి సెట్ రిపేరుకు ఇచ్చినవాళ్లున్నారు.

సన్‌వైజర్ మైక్, విడి బటన్

చేతులు ఖాళీగా ఉండని పనికి ఇది. ఆలోచన వినడానికి చాలా బాగుంటుంది, మాట నాణ్యత దగ్గర దెబ్బతింటుంది. ఎందుకో చూడండి. చేతి మైక్ నోటికి 5 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం. సన్‌వైజర్ మైక్ 40 సెంటీమీటర్ల దూరం. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ పోతాయి. 5 నుంచి 10, 10 నుంచి 20, 20 నుంచి 40. మూడుసార్లు, మొత్తం 18. ఆ నష్టం పూడ్చడానికి గెయిన్ (యాంప్లిఫయర్ సిగ్నల్‌ను పెంచే మోతాదు) పెంచితే, ఇంజన్ గోల, కిటికీ గాలి కూడా అదే 18 డెసిబెల్స్ పెరుగుతాయి. ఏ యాంప్లిఫయర్ పెట్టినా ఈ లెక్క మారదు. మారాలంటే మైక్ దగ్గరకు రావాలి. అందుకే సన్‌వైజర్ కంటే వంగే కాడ మీద నోటి దాకా వచ్చే మైక్, అంతకంటే హెడ్‌సెట్ మేలు. గోలగా ఉండే బండిలో హెడ్‌సెట్ తప్ప ఇంకేదీ నేను ఒప్పుకోను.

మాట వినగానే తనంతట తానే ప్రసారం మొదలుపెట్టే వాక్స్ పెట్టుకుందామని కొందరు అడుగుతారు. బండిలో వద్దు. హారన్‌కు, దగ్గుకు, గుంతలో పడ్డ చక్రానికి కూడా ప్రసారం మొదలవుతుంది. బటన్ ఉండాలి. అది స్టీరింగ్ మీదో, గేర్ లివర్ మీదో, కాలి కిందో. కాలి కింద పెట్టేవాళ్లకు నా అనుభవం ఒకటి. ఒక బండిలో కాలి స్విచ్ పెట్టి, ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను. ఒక రోజు పక్క సీటులోని బ్యాగు జారి స్విచ్ మీద పడింది. నేను పాట కూనిరాగం తీస్తూ నడుపుతున్నాను, అది ఛానల్‌లో ఉన్న అందరికీ వినిపిస్తోంది, ఎవరూ నన్ను ఆపలేరు, ఎందుకంటే నా సెట్ వినే స్థితిలో లేదు. ఆ రోజు నుంచి విడి బటన్ పెట్టే ప్రతి సెట్‌లోనూ టైమ్-అవుట్ టైమర్ 60 సెకన్లకు పెడుతున్నాను. 60 సెకన్లు దాటితే సెట్ తనే ప్రసారం ఆపేస్తుంది.

బ్లూటూత్

ఒక్క పేరా చాలు. వైరు ఉండదు, అది నిజమైన సుఖం. బండి దిగి పది అడుగులు నడిచి మాట్లాడాల్సినవాళ్లకు పనికొస్తుంది. కానీ ఛార్జింగ్ గుర్తుపెట్టుకోవాలి, జత తెగిపోతే మళ్లీ కలపాలి, మాటకు కాస్త ఆలస్యం ఉంటుంది కాబట్టి బటన్ నొక్కి ఓ క్షణం ఆగకపోతే మొదటి మాట పోతుంది. "వద్దు రండి" అన్నది "రండి" అని వినిపించే ప్రమాదం ఉన్న పనుల్లో నేను వాడను. సెట్ తయారీదారే ఇచ్చిన బ్లూటూత్ అయితే ఆలోచించవచ్చు, బయటి అడాప్టర్ అయితే వైరు మైక్ కూడా పక్కన ఉంచుకోండి.

వైరు ఏ దారిలో పోవాలి

ఏ పద్ధతి ఎంచుకున్నా వైరు దారి మాత్రం ఇదే. పవర్ వైరు ఒకవైపు తలుపు గడప కింద నుంచి పోతుంటే మైక్ వైరు రెండోవైపు నుంచి పోవాలి. ఎక్కడైనా కలవక తప్పకపోతే అడ్డంగా దాటాలి, పక్కపక్కనే నడవకూడదు. యాంటెన్నా కేబుల్‌కు కూడా అంతే దూరం. అద్దం పక్కన స్తంభాల్లోంచి లాగేటప్పుడు లోపల ఎయిర్‌బ్యాగ్ ఉందేమో చూడండి. దాని ముందు నుంచి వైరు పోతే విచ్చుకునేటప్పుడు ప్రాణానికే ముప్పు. షీల్డ్‌ను సెట్ వైపు మాత్రమే గ్రౌండ్ చేయండి. మైక్ వైపు కూడా బండి బాడీకి కలిపితే రెండు గ్రౌండ్‌ల మధ్య కరెంటు తిరిగి కూత మొదలవుతుంది. ఇందాకటి క్లిప్ వైరు దీనికి మినహాయింపు, అది ఆడియో దారి కాదు.

ఇంతా చేశాక, వినేటప్పుడు అంతా బాగుండి, ప్రసారం చేసేటప్పుడు మాత్రం గొంతు గరగరలాడుతుంటే మైక్ వైరు యాంటెన్నాలా పనిచేస్తోందని అనుమానించండి. పవర్‌ను 5 వాట్లకు తగ్గించి మళ్లీ మాట్లాడండి. గరగర పోతే అనుమానం నిజమే. 27 మెగాహెర్ట్జ్ సీబీలో పావు తరంగం పొడవు సుమారు 2.75 మీటర్లు. సరిగ్గా అంతే పొడుగు మైక్ వైరు పెట్టుకున్నవాళ్లు యాంటెన్నానే కట్టుకున్నట్టు. 150 మెగాహెర్ట్జ్‌లో అది అర మీటరే, కాబట్టి ఏ వైరైనా అనుమానితుడే. సెట్ దగ్గర వైరు మీద క్లిప్ లాంటి ఫెరైట్ (వైరు మీద పాకే రేడియో సిగ్నల్‌ను అడ్డుకునే నల్లటి ముక్క) పెట్టండి, వైరును దానిలోంచి రెండు మూడు చుట్లు తిప్పితే ఒక్క చుట్టు కంటే చాలా బాగా పనిచేస్తుంది. అప్పటికీ తగ్గకపోతే మైక్ ఆడియో పిన్ నుంచి గ్రౌండ్‌కు 1000 పికోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి, కాళ్లు వీలైనంత పొట్టిగా కోసి. 600 ఓమ్‌ల మైక్‌కు దానివల్ల మాట తగ్గదు.

ఎవరికి ఏది

సెట్ ఉంది, మైక్ ఒక్కటి, దూరం 5 మీటర్ల లోపు: షీల్డ్ ఉన్న పొడుగు వైరు. కొత్త సెట్ కొనబోతున్నారు: ప్యానెల్ విడిపోయేది, మైక్ సాకెట్ ప్యానెల్ మీద ఉంటే ఇంకా మంచిది. బండిలో రెండు చోట్ల నుంచి మాట్లాడాలి: వెనక కనెక్టర్ ఉన్న వాణిజ్య సెట్. చేతులు ఖాళీ లేవు: హెడ్‌సెట్, చేతికందే బటన్, టైమర్. బండి బయట తిరుగుతూ మాట్లాడాలి: బ్లూటూత్, లేకపోతే నిజాయితీగా చెప్పాలంటే ఒక వాకీటాకీ. సెట్ భవనంలో ఉండి మైక్ ఎక్కడో దూరపు గదిలో ఉంటే మైక్ వైరు పొడిగించడం కాదు పరిష్కారం, 600 ఓమ్‌ల లైన్ మీద నడిచే టోన్ రిమోట్ (దూరం నుంచి సెట్‌ను నడిపే పరికరం) పెట్టాలి. అది వేరే కథ.

బిగించాక నేను చేసేది ఇదీ. సెట్ కరెంటు పీకి, వైరు రెండు చివర్ల మధ్య ఒక్కో పిన్‌కూ కంటిన్యూటీ (వైరు తెగకుండా ఉందా అని) చూస్తాను, పక్క పిన్‌లతో షార్ట్ లేదని కూడా. మైక్ తగిలించకుండా సెట్ ఆన్ చేసి, అవతలి చివర ఏ పిన్ మీద ఎన్ని వోల్టులు వస్తున్నాయో మాన్యువల్‌తో సరిచూస్తాను. పిన్ల లెక్క ఎటువైపు నుంచి మొదలవుతుందో తయారీదారును బట్టి మారుతుంది, అందుకే బొమ్మ చూడకుండా వేలితో లెక్కపెట్టను. ఆ తర్వాతే మైక్. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (పవర్‌ను గాల్లోకి వదలకుండా మింగే రెసిస్టర్) పెట్టి, పక్కన ఇంకో సెట్‌తో నా గొంతు నేనే వింటాను: ఇంజన్ ఆపి ఒకసారి, ఇంజన్ రేజ్ చేస్తూ ఒకసారి, లైట్లు, ఏసీ ఫ్యాన్ వేసి ఒకసారి. రేజ్ చేస్తున్నకొద్దీ స్వరం పెరిగే కూత వినిపిస్తే గ్రౌండ్‌ల దగ్గరకు మళ్లీ వెళ్లాలి. వినిపించకపోతే, వైరు రెండు చివరలా ప్లగ్ దగ్గర ఒక బిగింపు వేస్తాను, లాగుడు అతుకు మీద పడకుండా. మూత పెట్టే ముందు ఏ రంగు వైరు ఏ పిన్‌కు పోయిందో కాగితం మీద రాసి సెట్ కింద అంటిస్తాను. రెండేళ్ల తర్వాత దాన్ని విప్పేది నేనే అయినా, అప్పటికి నాకేమీ గుర్తుండదు.